వినువారు: ఆత్మహత్యల నివారణలో ఒక మనస్తత్త్వ శాస్త్రజ్ఞుని కృషి

మాటలాడుట మా వృత్తి. మేము మాటలాడుదుము, మీరు విందురు. మీ గడపలో కాలు మోపకయే మా కంఠము మీ వసారాలోనికి, వంటయింటిలోనికి ప్రవేశించును. మీరు మమ్ము చూడరు, మేము మిమ్ము చూడము. అయినను ఆ కంఠమును మీరు ఆదరింతురు. ముఖము కనబడని కంఠమునకు గల ఈ శక్తిని వేరొక పనికి వినియోగించినవారు కొందరు కలరు. వారి పద్ధతి మా పద్ధతికి తలక్రిందులు. ఎచ్చటనో దూరమున నున్న దుఃఖితుడు టెలిఫోనులో మాటలాడును. కేంద్రమున కూర్చున్నవారు విందురు. ఆ వినుటకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ప్రముఖుడైన ఒక మనస్తత్త్వ శాస్త్రజ్ఞుని గూర్చి, ఆయన కృషి నుండి మన కుటుంబములు నేర్చుకొనదగిన దానిని గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిమి.

విషయము ఆత్మహత్యల నివారణ. మన ఇండ్లలో తలుపులు చేరవేసి, కంఠము తగ్గించి మాటలాడుకొను విషయమిది. అట్టి దుర్ఘటన జరిగిన ఇంట దానికి మరియొక పేరు పెట్టి చెప్పుకొందురు. జరుగని ఇంట 'ఆ మాట మనకెందుకు' అని త్రోసివేయుదురు. కాని లెక్కలు మౌనము వహింపవు. ప్రపంచమున ఏటా ఏడు లక్షలకు పైగా జనులు ఈ విధముగా మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 2022వ సంవత్సరమున ఇట్లు మరణించినవారు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంకముల సంస్థ ప్రకటించినది. అనగా దినమునకు 460 మందికి పైగా. ఇంత పెద్ద విషయమును గుసగుసలకు విడిచిపెట్టుట మంచిది కాదు.

ఆ శాస్త్రజ్ఞుని పేరు ఎడ్విన్ ష్నీడ్‌మన్. ఆయన 1918లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, లాస్ ఏంజిలిస్ నగరమున పెరిగి, అచ్చటనే చదువుకొనిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యమున పనిచేసి, తరువాత ఆ నగరమునందలి మాజీ సైనికుల ఆసుపత్రిలో మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడుగా చేరిరి. 1949లో ఆసుపత్రి అధికారి ఆయనకు ఒక చిన్న పని ఒప్పగించెను. ఇరువురు మాజీ సైనికులు ఆత్మహత్య చేసికొనిరి. వారి భార్యలకు సంతాప లేఖలు వ్రాయవలెను. ఆ లేఖల ముసాయిదా సిద్ధపరచుటయే ఆ పని.

మృతుల వివరములు తెలిసికొనుటకై ష్నీడ్‌మన్ కరోనరు కార్యాలయమునకు వెళ్ళిరి. కరోనరు అనగా అసహజ మరణములకు కారణము విచారించి నిర్ణయించు అధికారి. ఆ కార్యాలయపు దస్త్రముల గదిలో ఒక కాగితముల కట్ట విప్పగా, మృతుడు కడపట వ్రాసిన ఉత్తరము కనబడెను. మరియొక కట్టలో మరియొక ఉత్తరము. వెదకినకొలదియు ఏడు వందలకు పైగా అట్టి ఉత్తరములు బయటపడినవి. ఏండ్ల తరబడి అవి అచ్చట ధూళి పట్టియుండెను. వాటివలన నేర్చుకొనవలసినది కలదని ఎవరికిని తోచలేదు.

సామాన్యుడైనచో వాటిని ఆతురతతో చదువుటకు ఆరంభించియుండును. ష్నీడ్‌మన్ అట్లు చేయలేదు. తాను ముందుగా చదివినచో తన అభిప్రాయములే వాటిలో కనబడునని ఆయన శంకించిరి. అందుచేత తన సహచరుడైన నార్మన్ ఫార్బెరో అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞునితో కలిసి ఒక పరీక్ష నేర్పరచిరి. ఆత్మహత్యా సంకల్పము ఏమాత్రమును లేని వ్యక్తులచే, అట్టి స్థితిలో నున్నట్లు ఊహించుకొని ఉత్తరములు వ్రాయించిరి. నిజమైనవి 33, ఊహించి వ్రాసినవి 33 జతపరచి, ఏది ఏదియో తెలియకుండ పరిశీలించిరి.

ఊహించి వ్రాసినవారు జీవితమును గూర్చి, మరణమును గూర్చి ఆలోచనలు వ్రాసిరి. నిజముగా మరణించినవారి ఉత్తరములలో వేదాంతము తక్కువ. వాటినిండ మనుష్యుల పేర్లు, చిన్న చిన్న ఇంటి పనులు, ఎవరికేమి చెప్పవలెనో ఏమి అప్పగించవలెనో అను సూచనలు ఉండెను. ప్రేమయు కోపమును ఒకే కాగితముపై పెనవేసికొనియుండెను. మనుష్యుడు మరణమును గూర్చి లోతుగా విచారించి ఆ నిర్ణయమునకు వచ్చుటలేదు. బాధచేత ఆయన దృష్టి మిక్కిలి ఇరుకైపోవుచున్నది. ఇరుకు సందులో నడచువానికి ఇరువైపుల గోడలే కనబడునట్లు, ఆ మనస్సునకు తక్కిన దారులు కనబడవు. దారులు లేక కాదు, కనబడక. ష్నీడ్‌మన్ జీవితకాలపు కృషి అంతయు ఈ భేదముపై నిలిచియున్నది.

ఈ పరిశోధనలు 1957లో గ్రంథరూపమున వెలువడినవి. మరుసటి సంవత్సరము, 1958లో, ష్నీడ్‌మన్, ఫార్బెరో, రాబర్ట్ లిట్మన్ అను మానసిక వైద్యుడు, ఈ మువ్వురును కలిసి అమెరికా ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సంస్థ ధనసహాయముతో లాస్ ఏంజిలిస్ ఆత్మహత్యల నివారణ కేంద్రమును స్థాపించిరి. పెద్ద ఆసుపత్రి ఆవరణలో, ఒకప్పుడు క్షయరోగులకు వినియోగించి విడిచిన పాత కట్టడము వారికి లభించెను. ప్రయత్నము చేసి బ్రతికినవారిని పరిశీలించుట వారి తొలి ఉద్దేశము. కాని కేంద్రము పేరు ప్రజలకు తెలిసినకొలదియు, ప్రయత్నము చేయకముందే కొందరు టెలిఫోనులో పిలువ మొదలిడిరి. పిలుపులు పగటివేళకు పరిమితము కాలేదు. దుఃఖము రాత్రివేళనే బరువెక్కును గదా! క్రమముగా రాత్రింబవళ్ళు వినువారిని ఏర్పరుపవలసివచ్చెను.

అంతమంది వైద్యులు ఎచ్చటినుండి వత్తురు? 1960లలో ఆ కేంద్రము మరియొక సాహసము చేసెను. వైద్యులు కాని సామాన్య పౌరులను, గృహిణులు మొదలగువారిని, జాగ్రత్తగా ఎన్నుకొని, శిక్షణమిచ్చి, టెలిఫోను కడ కూర్చుండబెట్టెను. ప్రాణాపాయ సమయమున శిక్షణము పొందిన సామాన్యుడు కూడ సహాయపడగలడని దానివలన తేలెను. అటుపిమ్మట ఈ పని ఆసుపత్రి గోడలలోపలి పనిగా మాత్రమే నిలువలేదు. ఊరివారందరి పనియు అయ్యెను.

టెలిఫోను కడ కూర్చున్నవారు చేయు పనికి ఐదు మెట్లు ఏర్పరచిరి. మొదట పిలిచినవానితో నమ్మకము కుదుర్చుకొనవలెను. పిదప చిక్కు ఏమియో స్పష్టపరచుకొనవలెను. ప్రమాదము ఎంత సమీపమున నున్నదో అంచనా కట్టవలెను. ఆ వ్యక్తికి గల అండదండలు ఏవి, బంధువులెవరు, మిత్రులెవరు, ఏ వైద్యుడు పరిచితుడు అని తెలిసికొనవలెను. చివరకు ఈ రాత్రికి ఏమి చేయవలెను, రేపు ఉదయమున ఎవరిని కలియవలెను అని ఒక మార్గము నిర్ణయించి, దానిని ఆరంభింపజేయవలెను. ఇందులో ఉపదేశమునకు, మందలింపునకు ఎచ్చటను చోటు లేదని గమనింపుడు.

ప్రజలలో వ్యాపించియున్న అపోహలను గూర్చియు ఈ శాస్త్రజ్ఞులు ఒక చిన్న కరపత్రము ప్రకటించిరి. ఆ అపోహలు మన ఇండ్లలోను వినబడునవే.

'చచ్చిపోతానని నోటితో చెప్పేవాళ్ళు చావరు. ఊరికే బెదిరిస్తారు' అనుట మొదటిది. ఇది పొరపాటు. మరణించినవారిలో చాలమంది ముందుగా ఏదో ఒక రూపమున సూచన ఇచ్చినవారే. 'నేను లేకపోతే మీకందరికీ సుఖం' అను మాట, తన ప్రియమైన వస్తువులను ఒక్కొక్కటిగా ఇతరులకు ఇచ్చివేయుట, నిద్రాహారములు మాని ఒంటరిగా నుండుట, ఇట్టివన్నియు పిలుపులే.

'చావాలని నిశ్చయించుకున్నవాణ్ణి ఎవరాపగలరు' అనుట రెండవది. ఇదియు సరికాదు. అట్టి మనస్సు చివరివరకును రెండుగా చీలియుండునని ష్నీడ్‌మన్ చెప్పెడివారు. ఒక భాగము మరణమును కోరుచుండగా, మరియొక భాగము తనను ఎవరైన ఆపిన బాగుండునని ఎదురుచూచుచుండును. మనము మాటలాడవలసినది ఆ రెండవ భాగముతో.

'ఇప్పుడు తేరుకున్నాడు, ఇక భయం లేదు' అనుట మూడవది. నిజమునకు, కొంచెము తేరుకొనుచున్నట్లు కనబడిన తరువాతి మూడు మాసములును మెలకువతో నుండవలసిన కాలమని వారి అనుభవము. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన వ్యక్తిని ఆ దినములలో ఒంటరిగా విడువరాదు.

వీటికి మేమొకటి చేర్చుచున్నాము. 'ఆ మాట అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్లవుతుంది' అని పెద్దలు భయపడుదురు. ఈ భయము నిరాధారమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఆప్యాయతతో, సూటిగా అడిగినచో ఆలోచన పుట్టదు. లోపల నొక్కిపట్టిన బరువు కొంత దిగును.

ష్నీడ్‌మన్ తాను చికిత్స చేసిన ఒక యువతి కథను వ్రాసియున్నారు. ఆమె కళాశాల విద్యార్థిని, అవివాహిత, గర్భవతి. లోకమునకు ముఖము చూపజాలక మరణమొక్కటియే శరణ్యమని నిశ్చయించుకొని ఆయన కడకు వచ్చెను. ఆయన ఆమెను మందలింపలేదు. జీవితము ఎంత విలువైనదో ఉపన్యసింపలేదు. ఒక కాగితము తీసికొని, ఇపుడు చేయదగిన పనులన్నిటిని ఒక్కొక్కటిగా వ్రాయ మొదలిడిరి. తలిదండ్రులకు చెప్పుట, ఆ యువకునితో మాటలాడుట, బిడ్డను కని పెంచుకొనుట, బిడ్డను దత్తత ఇచ్చుట, ఇట్లు పట్టిక పెరిగెను. ప్రతిదానికిని ఆమె 'అది నేను చేయలేను' అనెను. ఆయన వాదింపక వ్రాయుచుండిరి. ఆమె కోరిన మరణమును సైతము ఆ పట్టికలో చేర్చిరి. పిదప ఆ కాగితమును ఆమెకిచ్చి, మిక్కిలి రోతగా తోచినది మొదలుకొని కొంత సహింపదగినదానివరకు వరుస సంఖ్యలు వేయుమనిరి. ఆమె వేసిన వరుసలో మరణము ఇక మొదటి స్థానమున లేదు. చిక్కు తీరలేదు, కాని ఒక్క దారికి బదులు రెండు మూడు దారులు కనబడినవి. ఆ క్షణమునుండి ఆమెతో మాటలాడుట సాధ్యమయ్యెను.

ఆయన వైద్యమంతయు రెండు ప్రశ్నలలో నిమిడియున్నది: నీకు బాధ ఎచ్చట? నేను ఏ సహాయము చేయగలను? ఈ మరణములకు మూలమున నున్నది మృత్యుకాంక్ష కాదు, భరింపరాని మనోవ్యథయని ఆయన సిద్ధాంతము. దానికి 1993లో ఆంగ్లమున 'సైకేక్' అను ఒక కొత్త పేరే పెట్టిరి. మరణము వలన ఆ వ్యక్తి కోరునది వ్యథ ఆగుట. కావున వ్యథను కొంచెము తగ్గింపగలిగినచో, మరణాపేక్షయు తగ్గును. వ్యథ అంతయు పోనక్కరలేదు. భరింపదగినంత తగ్గిన చాలును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. అప్పుల బాధ, దీర్ఘరోగము, కుటుంబ కలహము, వరకట్నపు వేధింపు, మద్యపానము, వీటిని మాటలతో తీర్చగలమా? తీర్చలేము. మన దేశపు లెక్కలలో కుటుంబ సమస్యలును అనారోగ్యమును కారణములలో ముందుండుచున్నవి. వాటిని తొలగించుటకు చట్టము, వైద్యము, ఆర్థిక సహాయము కావలెను. అప్పు తీర్చుట వినువాని చేతిలో లేదు. కాని అప్పు తీరు మార్గము వెదకుటకు మనుష్యుడు బ్రతికి ఉండవలెను గదా! ఆ కఠినమైన రాత్రిని దాటించుట వినువాని పని. అది చిన్న పని కాదు. తీవ్రమైన తలంపు పలుమారు కొద్ది గంటలలోనే శాంతించును. ఆ గంటలలో ప్రక్కన మనిషి ఉండవలెను. ప్రాణహాని కలిగించు వస్తువులు చేతికి అందకుండ ఉండవలెను. పొలమునకు తెచ్చిన పురుగుమందులను ఇంట అందరికి అందు చోట నుంచక తాళము వేసి భద్రపరచుడని నిపుణులు చెప్పుట ఇందులకే.

ఇంతటితో ఈ సేవ ముగియదు. ఆ లాస్ ఏంజిలిస్ బృందము థియొడోర్ కర్ఫీ అను కరోనరు కోరికపై, కారణము సందేహాస్పదమైన మరణములను విచారించుటకు మృతుని బంధుమిత్రులను కలిసికొని, ఆతని చివరి దినముల మనఃస్థితిని గ్రహించు పద్ధతి నొకదానిని రూపొందించెను. అట్లు ఇంటింటికి వెళ్ళినపుడు వెనుక మిగిలినవారి దుఃఖము కన్నులకు కట్టెను. భార్య, తల్లి, బిడ్డలు, స్నేహితుడు, ప్రతివారును 'నేను ఆనాడు ఆ మాట అనకున్నచో' అని తమ్ము తామే నిందించుకొనుచుందురు. వారిని ఓదార్చుటయు నివారణలో భాగమేనని ష్నీడ్‌మన్ ఉద్ఘాటించిరి. అట్టి ఇంటికి మనము వెళ్ళునపుడు 'ఎందుకు చేశాడు, ఎట్లా చేశాడు' అని ఆరాలు తీయవలదు. ప్రక్కన కూర్చుండుట, పిల్లలకు అన్నము పెట్టుట, మృతుని మంచి తలచుకొనుట చాలును.

ఆ పాత కట్టడమున మొదలైన పని దేశదేశములకు వ్యాపించెను. వియన్నా నగరమున 1960లో ఎర్విన్ రింగెల్ ఆధ్వర్యమున అంతర్జాతీయ ఆత్మహత్యల నివారణ సంఘము ఏర్పడెను. ఫార్బెరో అందు తోడ్పడిరి. ష్నీడ్‌మన్ 1966లో అమెరికా ప్రభుత్వపు ఆత్మహత్యల నివారణ పరిశోధన విభాగమునకు అధిపతియై, 1968లో ఈ శాస్త్రమునకై ఒక జాతీయ సంఘమును స్థాపించిరి. తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండి, 2009లో తమ 91వ యేట స్వర్గస్థులైరి. ఆయన స్థాపించిన కేంద్రము నేటికిని మరియొక సంస్థలో భాగముగా పనిచేయుచున్నది. 2003 నుండి సెప్టెంబరు 10వ తేదీని ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినముగా పాటించుచున్నారు.

మన దక్షిణదేశమున చెన్నపట్టణమందు 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' అను సంస్థను స్థాపించిరి. స్వచ్ఛంద సేవకులు దుఃఖితుల మాట వినుటయే దాని ముఖ్య వ్రతము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యాయత్నము చేసినవారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావింపవలెననియు, వారికి సంరక్షణము, చికిత్స కల్పించుట ప్రభుత్వ ధర్మమనియు చెప్పుచున్నది. 2022 అక్టోబరు 10వ తేదీన భారత ప్రభుత్వము 'టెలి మానస్' అను టెలిఫోను సేవను ప్రారంభించెను. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్ళు, రుసుము లేకుండ, తెలుగులో సైతము మాటలాడవచ్చును.

వార్తలు చెప్పు మావంటివారికిని ఇందులో ఒక పాఠము కలదు. వియన్నాలో 1987లో పత్రికలు ఇట్టి వార్తలను సంచలనాత్మకముగ ప్రకటించుట మానుకొనగా, ఆ నగరపు భూగర్భ రైలుమార్గములపై ఇట్టి దుర్ఘటనలు గణనీయముగ తగ్గినవి. మేము ఈ ప్రసంగమున ఏ విధానమును వర్ణింపకపోవుటకు కారణమిదియే.

ఇక మన ఇంటి మాట. పరీక్షాఫలితములు వెలువడిన సాయంకాలమున కుమారుడు అన్నము ముట్టక గదిలో కూర్చుండినాడనుకొనుడు. 'పక్కింటి వాడికెన్ని వచ్చాయో చూశావా' అను మాటను మ్రింగివేయుడు. తలుపు తట్టి, ప్రక్కన కూర్చుండి, 'ఏం నాయనా, చాలా బాధగా ఉందా? చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?' అని అడుగుడు. ఆతడు చెప్పునది నడుమ ఖండింపక వినుడు. ఔననినచో ఆ రాత్రి ఆతనిని ఒంటరిగా విడువకుడు; 14416కు పిలువుడు; తెల్లవారగనే వైద్యుని కడకు తీసికొనిపొండు. కోడలు కాని, పొలమునుండి వచ్చిన తండ్రి కాని, వృద్ధురాలైన అవ్వ కాని మౌనముగా కుములుచున్నపుడు ఇట్లే చేయుడు. ఈ వాక్యము చదువుచున్న మీకే అట్టి తలంపు కలిగియున్నచో, దయచేసి ఇంటిలో ఒకరిని పిలిచి చెప్పుడు. లేదా ఆ సంఖ్యకే పిలువుడు. మీ మాట వినువారు కలరు.

మా కార్యక్రమము నడుచుచుండగా మీ ఇంటిలో ఎవరైన అట్టి మాట మొదలుపెట్టినచో, సంశయింపక రేడియో కట్టివేయుడు. మేము చెప్పునది మరియొకనాడు వినవచ్చును.